గుర్తులమ్మకు తెలిసిన రెండు ఇళ్లు

మా అక్క కూతురికి పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటుంది. దాన్ని ఇప్పుడు ఎవరూ వాడరు. వీధంతా దాన్ని గుర్తులమ్మ అనే పిలుస్తుంది. కోపం వస్తే నేనూ అలాగే పిలుస్తాను. నాకు కోపం రాని రోజంటూ లేదు కాబట్టి ఇంట్లో కూడా అదే ఖాయమైపోయింది.

మాది లాండ్రీ. ముందు గదిలో కౌంటరు, దాని వెనక రెండు ఇస్త్రీ బల్లలు, గోడ పొడవునా ఉతికిన బట్టలు పెట్టే అరలు. వెనక గదిలో బాయిలరు, తొట్లు. మేడ మీద ఆరేసే తాళ్లు. చుట్టుపక్కల వీధులన్నిటి బట్టలూ అవే తొట్లలో కలిసి ఉడుకుతాయి. మళ్లీ ఎవరివి వాళ్లకి చేరాలంటే ప్రతి బట్టకీ లోపలివైపు, కాలరు కిందో నడుము పట్టీలోనో, చెరగని సిరాతో ఒక గుర్తు ఉండాలి. రెండు చుక్కలు, ఒక గీత. ఒక కొక్కెం, దాని కింద సున్నా. ఇంటికొకటి. ఏ గుర్తు ఏ ఇంటిదో ఎక్కడా రాసి ఉండదు. ఒకప్పుడు మా అక్క బుర్రలో ఉండేది. అక్క పోయే ముందు ఆసుపత్రి మంచం మీద దుప్పటిపై వేలితో గీస్తూ కూతురికి అన్నీ అప్పజెప్పింది. అప్పటికి పిల్ల ఇంకా బడికి పోతోంది. నన్నడిగితే ఆ గుర్తులన్నీ నాకు కోడి గెలికినట్టే కనిపిస్తాయి. నేను కౌంటరు మనిషిని. నవ్వడం, తిట్టడం, పొట్లాలు అందించడం నా పని.

గుర్తులమ్మకి ఇరవై ఏళ్లు వచ్చాయి. సన్నగా రివటలా ఉంటుంది, మాట తక్కువ, తిండి అంతకన్నా తక్కువ. సినిమాకి రమ్మంటే రాదు. మేడ మీద ఆరేసిన దుప్పట్ల మధ్య కూర్చుని రేడియో వినడం ఒక్కటే దాని సరదా. దానితో వచ్చిన చిక్కల్లా దాని చెయ్యి ఊరుకోకపోవడం. బట్ట చేతికందితే చాలు, కాలరు తిరగేసి గుర్తు వేసేస్తుంది, బుర్రతో పని లేకుండా. ఒకసారి కౌంటరు దగ్గర నిలబడి నాతో మాట్లాడుతున్న పెద్దమనిషి భుజం మీది తువ్వాలుకి కూడా వేసేసింది, ఆయన ఒంటి మీద ఉండగానే. ఆ రోజు కడుపు పట్టుకుని నవ్వాం. ఆ చెయ్యే తరవాత మా ప్రాణం మీదికి తెచ్చింది.

మా ఊళ్లో అప్పట్లో ఇద్దరుండేవారు. ఒకణ్ణి కాపరి అనేవారు. తెల్ల దుస్తులు, తెల్ల ముసుగు. ఎగురుతాడు, లారీని ఒంటి చేత్తో ఎత్తుతాడు. కాలిపోతున్న మేడల్లోంచి మనుషుల్ని దింపాడు, నిజమే. దొంగల్ని పట్టుకున్నాడు, అదీ నిజమే. పట్టుకున్నవాళ్లని పోలీసులకి అప్పగించే ఓపిక మాత్రం అతనికి లేదు. పైకి తీసుకెళ్లి అక్కణ్ణుంచి కిందికి వదిలేసేవాడు. రెండోవాడి పేరు బూడిద. నల్ల కోటు, నల్ల ముసుగు. తలుచుకుని చెయ్యి వేస్తే తాళమైనా తలుపైనా బూడిదైపోతుంది. విచారణ కూడా లేకుండా ఏళ్ల తరబడి మగ్గుతున్నవాళ్ల కోసం జైలు గోడనే బూడిద చేశాడు. వాళ్లతో పాటు హంతకులూ బయటపడ్డారు, ఆ వారంలోనే ఒక ముసలావిడ పీక కోశారు. వీళ్లిద్దరిలో మంచివాడెవరో తేల్చమంటే నావల్ల కాదు. గొంతు వింటే ఇద్దరూ పాతికేళ్ల లోపు కుర్రాళ్లేనని అందరూ అనుకునేవారు. నాకు ఇద్దరన్నా భయమే.

ఒక మధ్యాహ్నం షాపులో టీవీ నడుస్తోంది. ముందు రోజు ఇద్దరికీ పెనుగులాట జరిగిందట. బూడిద కోటు సగానికి చిరిగి కాపరి చేతిలో ఉండిపోయింది. కాపరి ఆ కోటు కాలరు తిరగేసి కెమెరా ముందు పెట్టాడు. లోపల చిన్న గుర్తు.

"ఇది లాండ్రీ గుర్తు," అన్నాడు. "ఇది ఎవరిదో తెలిసినవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు. నేనే వస్తాను."

నాకు మాడు వాసన తగిలింది. తిరిగి చూస్తే పిల్ల ఇస్త్రీ పెట్టె చొక్కా మీదే వదిలేసి టీవీ వైపు చూస్తోంది.

"ఏమే! కళ్లు నెత్తికెక్కాయా? కాలిపోతోంది చూడు!"

"పిన్నీ, ఆ గుర్తు నేను వేసిందే," అంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. షట్టరు సగానికి దించి దాన్ని వెనక గదిలోకి ఈడ్చుకెళ్లాను. అప్పుడు చెప్పింది. ఎవరింటి నుంచో వచ్చిన దుప్పట్ల మూటలో ఆ కోటు ఉందట. ఆ ఇంట్లో పెద్దావిడ చూసుకోకుండా మూటలో కుక్కేసి ఉంటుంది. దీని చెయ్యి ఊరుకోక మామూలుగా ఆ ఇంటి గుర్తు వేసేసింది. ఉతికి, మడతపెట్టి పంపించేసింది. అది బూడిద కోటని టీవీలో చూసేదాకా దానికీ తెలియదు.

"ఎవరింటిదే?"

"చెప్పను."

"నాక్కూడానా?"

"నీకైతే అసలు చెప్పను. నీ నోట్లో నువ్వుగింజ నానదు."

"అయితే ఆ కాపరికే చెప్పెయ్! వస్తానన్నాడుగా. చెప్పేసి చేతులు దులుపుకో."

"చెబితే అతన్ని పైనుంచి వదిలేస్తాడు పిన్నీ."

"వదిలెయ్యనీ! ఆ బూడిదేమన్నా నీ మేనత్త కొడుకా? నీ ప్రాణం కంటే ఎక్కువా వాడు?"

అది అరల్లో వెతికింది. ఆ ఇంటి బట్టలు ఆ రోజు షాపులో ఒక్కటీ లేవట, కాస్త ఊపిరి పీల్చుకుంది. నాకు మాత్రం ఊపిరాడలేదు. కాపరైతే వెతుక్కుంటూ రావాలి. బూడిదకి ఆ శ్రమ కూడా లేదు. టీవీ అతనూ చూసి ఉంటాడు. తన కోటు ఎవరు ఉతికారో అతనికి తెలుసు.

ఆ మర్నాటి నుంచి కౌంటరు దగ్గర నిలబడడమంటే నిప్పుల మీద నిలబడ్డట్టే ఉండేది. వచ్చిన ప్రతి కుర్రాడి చేతులూ గోళ్లూ చూసేదాన్ని. బేకరీ వాడి గోళ్ల కింద మసి ఉంటే ఒళ్లు జలదరించింది. పోస్టాఫీసులో పనిచేసే కుర్రాడు "ఏంటి పిన్నీ అలా చూస్తున్నారు, నచ్చానా?" అని వేళాకోళమాడితే నవ్వలేక చచ్చాను. కళ్లజోళ్ల కుర్రాడు ఒక్కడు వస్తేనే కాస్త నిమ్మళంగా ఉండేది. వీధి చివర అతని షాపు. తల్లీ కొడుకూ ఇద్దరే. వచ్చినప్పుడల్లా నా కళ్లద్దాలు తీసుకుని వదులైన మర బిగించి, తుడిచి, తనే నా ముక్కు మీద పెట్టేవాడు. తడి దుప్పట్ల గంప మోయలేక నేను ఆయాసపడుతుంటే లాక్కుని మేడ మీదికి మోసేవాడు. వాళ్లమ్మతో మాట కదిపి గుర్తులమ్మని అతనికి ఇస్తే ఎలా ఉంటుందా అని నా మనసులో ఉండేది. పిల్లతో అంటే ముఖం తిప్పుకుని తొట్టి దగ్గరికి వెళ్లిపోయింది. సిగ్గనుకున్నాను.

కాపరి పొద్దున్నే వచ్చాడు. నేను షట్టరు ఎత్తి వెనక్కి తిరిగేసరికి లోపల ఉన్నాడు. ఎటునుంచి దిగాడో తెలియదు. దగ్గరనుంచి చూస్తే అంత ఎత్తేమీ కాదు. ముసుగు అంచు కింద గడ్డం మీద మొటిమలున్నాయి. ఆ మొటిమలు చూసి నాకు ఇంకా భయమేసింది. ఇంత చిన్నవాడి చేతిలోనా మా చావు బతుకులు!

"అమ్మా, ఈ గుర్తు మీ షాపుదేనా?" అని కోటు ముక్క బల్ల మీద పరిచాడు. చాలా మర్యాదగా అడిగాడు.

"కాదు బాబూ," అన్నాను.

అతను అరలోంచి ఒక చొక్కా తీసి కాలరు తిరగేసి కోటు పక్కన పెట్టాడు. అదే సిరా, అదే చేతివాటం. తరవాత అరలన్నీ తిరగేశాడు. ఆ గుర్తు ఎక్కడా దొరకలేదు. పిల్ల అప్పటికే కాచిపెట్టిన ఇస్త్రీ పెట్టె మీద, ఏదో కుర్చీ చెయ్యి మీద ఆనుకున్నట్టు, అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. చేతికి ఏమీ కాలేదు.

"గుర్తులు వేసేది ఎవరు?"

"నేనే," అంది మా పిల్ల.

"ఎవరింటిది ఇది?"

అది గోడకి అతుక్కుపోయి నిలబడింది. చెప్పెయ్యవే, చెప్పెయ్యవే అని లోపల మొత్తుకుంటున్నాను.

"చెప్పకపోతే ఏం చేస్తారండీ?" అంది.

"నాతో పైకి వస్తావు. పైనుంచి చూస్తే ఇళ్లన్నీ బాగా గుర్తొస్తాయి."

"ఎండాకాలంలో మీమీద ఎవరో నీలం రంగు పోశారు," అంది అది. "టీవీలో చూపించారు. ఎడమ భుజం మీద. లోపలి బనీను దాకా దిగింది. ఆ మరక వదిలించడానికి నాకు మూడుసార్లు ఉడకబెట్టాల్సి వచ్చింది."

కాపరి చెయ్యి ఇస్త్రీ పెట్టె మీంచి లేచింది.

"ఆ బనీను ఎవరింటిదో నాకు తెలుసు. ఆ ఇంటి గుర్తు కూడా నేను వేసిందే. ఇవాళ మీకు అతని గుర్తు చెబుతాను. రేపు అతను వచ్చి మీది అడుగుతాడు. అతనికీ చెప్పాలిగా."

"నన్ను బెదిరిస్తున్నావా?"

"లేదండీ. నాకు భయంగా ఉంది."

నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో అతని కంటే దాన్ని చూస్తేనే నాకు వణుకొచ్చింది. ఇంత పెద్ద సంగతి ఎండాకాలం నుంచీ కడుపులో పెట్టుకుని, నాతో ఉప్పు తక్కువైందా పప్పు ఎక్కువైందా అని మాట్లాడుతూ తిరిగింది!

"మా అమ్మకి తెలుసా?" అన్నాడు కాపరి. గొంతు మారిపోయింది. ఇంటికి ఆలస్యంగా వచ్చి గుమ్మంలో నిలబడ్డ పిల్లాడి గొంతు.

"తెలీదు. రంగుల డబ్బా మీద పడిందని చెప్పారటగా. ఆవిడ అదే నమ్మింది."

"ఈవిడకి?"

"పిన్నికి ఏ గుర్తూ తెలీదు. ఒట్టు."

అతను నా వైపు చాలాసేపు చూశాడు. కోటు ముక్క చుట్టి చంకలో పెట్టుకున్నాడు. పోతూ పోతూ ఇనుప బల్ల అంచు పట్టుకున్నాడు, వదిలేసరికి అక్కడ అతని వేళ్ల ఆకారంలో లొత్తలు పడ్డాయి. కావాలని చేశాడో, తెలియకుండా జరిగిందో చెప్పలేను. అతను వెళ్లగానే పిల్ల తొట్టి దగ్గర కూలబడి వాంతి చేసుకుంది. నేను వీపు రాస్తూ తిట్టాను, తిడుతూ ఏడ్చాను.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఒక రోజు ఎదురు మేడ పిట్టగోడ మీద తెల్లగా ఏదో కదిలింది. ఇంకో రోజు షాపు తెరుద్దామని వెనక తలుపు దగ్గరికి వెళితే తాళం లేదు. గొళ్లెం కింద గుప్పెడు బూడిద. లోపల ఏ వస్తువూ పోలేదు, ఒక్క అరా కదల్లేదు. వచ్చిపోయానని చెప్పడానికే వచ్చాడన్నమాట. ఆ బూడిదని చీపురుతో ఎత్తడానికి కూడా నాకు చేతులు రాలేదు. గుర్తులమ్మే ఎత్తి కాలవలో పోసింది.

"ఎవరికో ఒకరికి చెప్పెయ్యవే తల్లీ," అని నెత్తీ నోరూ బాదుకున్నాను. "వాడికి వీడి సంగతి చెప్పు, లేకపోతే వీడికి వాడి సంగతి చెప్పు. ఇద్దరిలో ఒకడైనా మనకి అండగా ఉంటాడు."

"ఉండి, రెండోవాణ్ణి చంపేస్తాడు. ఆ రెండోవాడికీ ఇంట్లో అమ్మ ఉంది పిన్నీ."

"నీకు నేను లేనా? నువ్వు పోతే నేనెవర్ని తిట్టుకుంటూ బతకాలే?"

అది నా భుజం మీద తల పెట్టింది. ఏం లాభం, నోరు మాత్రం విప్పలేదు.

చలికాలంలో వంతెన కూలింది. ఇద్దరూ దాని మీదే కొట్టుకున్నారు. బూడిద తప్పించుకోవడానికి ఒక స్తంభం మీద చెయ్యి వేశాడు. కాపరి అతని మీదికి ఒక లారీని విసిరాడు. స్తంభం వల్ల కూలిందని కొందరూ, లారీ వల్లేనని కొందరూ టీవీలో గొంతులు చించుకున్నారు. ఏ ముక్క ముందు పడితేనేం, కింద పడవలో వెళుతున్నవాళ్లు పోయారు. వాళ్లలో మా ఖాతాదారు ఒకాయన ఉన్నాడు. బస్సు కండక్టరు. భార్య లేదు, ఐదేళ్ల కూతురు. ఆ పిల్ల కూడా ఆయన ఒళ్లోనే ఉంది.

వాళ్ల అరలో రెండే బట్టలు మిగిలాయి. ఆయన యూనిఫారం చొక్కా, ఆ చిన్నదాని పసుపు గౌను. తీసుకెళ్లేవాళ్లు ఎవరూ లేరు. గుర్తులమ్మ వాటిని రోజూ దింపేది, మళ్లీ ఇస్త్రీ చేసేది, మళ్లీ అరలో పెట్టేది. ఒక సాయంత్రం నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"పిన్నీ, నేను ఆ రోజు చెప్పి ఉంటే ఈ పిల్ల బతికేదా?"

ఏం చెప్పను? చెప్పమని చెవినిల్లు కట్టుకుని పోరింది నేనే. బతికేదే అని నోటిదాకా వచ్చింది. దాని ముఖం చూసి మింగేశాను.

"నాకేం తెలుసే," అన్నాను.

ఆ మర్నాడు దాన్ని చూశాను. కట్టి సిద్ధంగా ఉన్న పొట్లాలు రెండు విప్పింది. ఒకదాంట్లో చొక్కా, ఇంకోదాంట్లో గౌను పెట్టి మళ్లీ కట్టేసింది. ఏ అరలోవో చూద్దామని నేను లేచేసరికి అన్నిటినీ కలిపేసి కౌంటరు మీద పేర్చేసింది.

"ఏం చేస్తున్నావే?"

"ఇద్దరికీ చెరొకటి."

ఆ రోజు షాపు కిటకిటలాడింది. పొట్లాలన్నీ నా చేతులతోనే అందించాను, ఏది ఎవరిదో అది చెబుతుంటే. ఆ రెండూ ఎప్పుడు నా చేతిలోంచి వెళ్లిపోయాయో నాకు తెలియదు.

మా వ్యాపారంలో ఒకటుంది. ఒకరి బట్ట ఇంకొకరి పొట్లంలో పోతే తెల్లారేసరికి తిరిగొస్తుంది, వెంట నాలుగు తిట్లు కూడా వస్తాయి. ఎవరిదో గుడ్డ మా ఇంట్లో ఎందుకమ్మా అని దుకాణం మీదికి దండెత్తుతారు. నేను ఆ తిట్ల కోసం ఎదురుచూశాను. వారం గడిచింది, రెండోదీ గడిచింది. ఒక్కరు కూడా రాలేదు. ఎవరి పొట్లంలోనూ ఏమీ ఎక్కువ రానట్టే ఉన్నారు.

తరవాత ఒక పొద్దున గుర్తులమ్మ బాయిలరు మనిషి కోసం బయటికి వెళ్లింది. నేనొక్కదాన్నే కూర్చుని మురికి బట్టలు విడదీస్తున్నాను. ఒక సంచిలో దిండు గలీబుల మధ్య పసుపు రంగు కనిపించింది. లాగాను. అదే గౌను. ఎవరో ఇంట్లోనే ఉతికారు, సబ్బు చారలు పోలేదు. ఊడిపోయిన అంచుని నల్ల దారంతో, చేతకాని వంకర కుట్లతో కుట్టారు. తల్లి కుట్టు కాదది, మగపిల్లాడి కుట్టు. పారెయ్యలేక, ఇంట్లో ఉంచుకోలేక మాకే తిప్పి పంపాడు.

సంచి ఎవరిదో చూడడానికి నాకు గుర్తులు అక్కర్లేదు. అరగంట కిందట నేనే కౌంటరు మీద అందుకున్నాను. కళ్లజోళ్ల కుర్రాడిది. అప్పుడు కూడా నా అద్దాల మర బిగించి, ముక్కు మీద పెట్టి, "ఇప్పుడు బాగా కనిపిస్తోందా పిన్నిగారూ?" అని నవ్వి వెళ్లాడు.

ఇద్దరిలో ఒకడు. ఏ ఒకడో నాకు తెలియదు. ముసుగులోంచి వచ్చిన గొంతు పోల్చుకోలేను, గడ్డం మీద మొటిమలు ఈ వీధిలో ఏ కుర్రాడికి లేవు? ఆ చిన్నదాని మీద స్తంభం కూల్చినవాడో, లారీ విసిరినవాడో. నా గంప మోసిన చేతులు, నా చెంపల్ని తాకిన వేళ్లు. మా అక్క కూతుర్ని ఆ చేతుల్లో పెడదామనుకున్నాను. వీధిలోకి పరిగెత్తి అరుద్దామనుకున్నాను. ఎవరితో, ఏమని? వాళ్లమ్మ రోజూ ఉదయం మా షాపు ముందు నుంచే వెళుతూ నాకు చెయ్యి ఊపుతుంది.

గౌనుని నా పెట్టెలో అడుగున దాచాను. గుర్తులమ్మ వచ్చింది. గౌను సంగతి దానికి చెప్పలేదు.

రెండు రోజులకి అతను వచ్చాడు.

"పిన్నిగారూ, మా బట్టలయ్యాయా?"

"అయ్యాయి నాయనా," అన్నాను. పొట్లం అందించాను. అతను అందుకుంటూ ఒక్క క్షణం ఆగాడు, పొట్లాన్ని వేళ్లతో నొక్కి చూశాడు, గౌను మళ్లీ అందులో ఉందేమోనని కాబోలు. లేదని తెలిసి తలెత్తి నా కళ్లలోకి చూశాడు. నేను నవ్వాను. నవ్వడం నా పనే కదా. ఈసారి నా అద్దాల జోలికి రాకుండా వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం తింటున్నప్పుడు పిల్ల నన్నే చూస్తోంది.

"పిన్నీ, నీక్కూడా ఒక ఇల్లు తెలిసిపోయిందా?"

"నాకేం తెలుస్తుందే, నోరు మూసుకుని తిను," అన్నాను. చేతిలోని ముద్ద కంచంలో పడిపోయింది. అది లేచి, నా పక్కకి జరిగి కూర్చుని, ఆ ముద్ద మళ్లీ కలిపి నా నోట్లో పెట్టింది.